ముందు పలికినవాడు

వ్యాసర్‌పాడి పాలిటెక్నిక్, రెండో అంతస్తు.
రాత్రి పదకొండు దాటింది,
పొద్దున తొమ్మిదికి ఆన్‌లైన్ పరీక్ష.
నలభై యంత్రాలు, ఒక్కదాని కడుపులోనూ డిస్కు లేదు.
కొనేటప్పుడు చవకన్నారు,
చెడిపోవడానికి లోపల ఏమీ లేదన్నారు.
నిజమే,
చెడడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

స్విచ్చి నొక్కగానే వీటికి
తామెవరో తమకే తెలియదు.
తీగలోకి ఒక్క కేక వేస్తాయి:
ఎవరైనా ఉన్నారా, నేనెవర్ని?
మూలగదిలో సర్వరు వింటుంది.
ఇదిగో నీ అంకె, ఇదిగో నీ ఫైలు అని
చదివి వినిపిస్తుంటే
గుక్కగుక్కగా తాగి లేచి కూర్చుంటాయి.
రోజూ జరిగేదే. నేను తల తిప్పి చూడను కూడా.

ఇవాళ పదహారు లేచాయి.
పదిహేడు నుంచి అన్నిటిదీ ఒకటే మాట,
నల్లతెర మీద తెల్లగా:
బూట్ ఫైలు పేరు అందలేదు.

సహాయమేరి మేడమ్ రెండుసార్లు ఫోను చేసింది.
"అయిపోతుందా గజలక్ష్మీ?"
అయిపోతుంది మేడమ్.
కాంట్రాక్టు ఉద్యోగానికి వేరే జవాబు రాదు.

తీగలు పీకి మళ్ళీ గుచ్చాను.
క్లిప్పు విరిగినచోట అగ్గిపుల్ల ముక్క దోపాను.
సర్వరును పడుకోబెట్టి లేపాను.
ఫైలు ఉందా, ఉంది. చదివే అనుమతి ఉందా, ఉంది.
పదిహేడును మోసుకెళ్ళి ఒకటో బల్ల మీద పెడితే
లేచింది.
ఒకటిని తెచ్చి పదిహేడు చోట పెడితే
మొండికేసింది.
రోగం ఒంటిది కాదు,
చోటుది.

కొరుక్కుపేట వైపు గూడ్సుబండి పోతూ పోతూ
కిటికీ ఊచల్ని కదిపింది.
టిఫిను డబ్బా తెరిచి
చల్లారిన నిమ్మకాయ అన్నం తింటూ
ఊరికే తెర చూస్తున్నాను.
అప్పుడు పట్టుబడింది.
మా ల్యాబులో ఏ అంకైనా పదితో మొదలవుతుంది.
దీనిది నూట తొంభై రెండు.
ఈ పేరు మేం పెట్టింది కాదు.
ఇంట్లో ఇంకెవరో ఉన్నారు.

చెయ్యి కడుక్కోకుండానే తీగ వెంట నడిచాను
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని.
వరండా, మెట్ల మలుపు, సాలెగూళ్ళు,
పాత జవాబుపత్రాల మూటల వెనక
అరచెయ్యంత తెల్ల రౌటరు,
ఏ పాపమూ ఎరగనట్టు మిణుకుమిణుకు.

ఏళుమలై లేచి నిలబడ్డాడు, వాచ్‌మన్ టోపీ చేతిలో.
అతని అరవం నాకూ, నా తెలుగు అతనికీ
ముప్పాతిక వంతు అర్థమవుతాయి.
ఆదివారం పావురాల పందెమట.
గూడూరులో వదులుతారట.
గాలి ఎటుందో ఫోనులో చూసుకోవాలి,
ఇక్కడ సిగ్నలు అందదు,
అందుకని, అన్నాడు.

తప్పేమిటో చెప్పాను.
మావి కేకేస్తే నీ పెట్టె ముందు పలుకుతోంది,
అంకె ఇస్తుంది గాని ఫైలు ఇవ్వదు,
దాన్నే నమ్మి ఇవి అక్కడే ఆగిపోతున్నాయి.

పూర్తికాకుండానే తలూపాడు.
"అలసిన పిట్ట ఇంటిదాకా వస్తుందమ్మా.
పక్కమేడ వాడు గింజల డబ్బా ముందు ఆడిస్తే
అక్కడ దిగిపోతుంది.
పిట్ట తప్పు కాదు.
వాడూ దొంగ కాదు ఒక్కోసారి,
వాడి పిట్టల్ని వాడు పిలుచుకుంటుంటాడు."
తీగ తనే పీకేశాడు.

ఒకటిన్నరకు ముప్ఫైతొమ్మిది లేచాయి.
ముప్ఫైమూడోది లేవలేదు.
దాని తీగను నిజంగానే ఎలుక కొరికింది.
నయమే అనిపించింది.
రిజిస్టరులో రాశాను:
కారణం, ఎలుక.
సంతకం పెట్టాను.

వెళ్ళేముందు మేడెక్కి నా ఫోనులో
ఇద్దరం గాలి చూశాం.
దక్షిణం నుంచి. ఎదురుగాలి.
ఉత్తరాన మబ్బులో రిఫైనరీ మంట ఎర్రగా ఊగుతోంది.
"ఆలస్యమవుతాయి" అన్నాడు,
కాసేపాగి,
ఏ పిట్ట ఎంత ఆలస్యమో
పేరుపేరునా లెక్కకట్టడం మొదలుపెట్టాడు.